కబేసా దె వాకా: పరాయి నేల మీద ఎనిమిదేళ్ళు



ఈ ఉపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో ఆ మాస్టారు రాజుల దండయాత్రలు చెప్పి ఊరుకునేవారు కాదు. దారి పొడుగునా ఆ సైన్యానికి తిండి ఎవరు పెట్టారని అడిగేవారు. ఆ ప్రశ్నే ఇవాళ ఒక స్పెయిన్ దేశస్థుడి విషయంలో వేసి చూస్తాను.

1527లో నార్వాయెజ్ నాయకత్వంలో 5 ఓడలు, సుమారు 600 మంది ఫ్లోరిడాను ఆక్రమించడానికి స్పెయిన్‌లో బయలుదేరారు. అందులో కోశాధికారి ఆల్వార్ నూన్యెజ్ కబేసా దె వాకా. మరుసటి ఏడు తీరంలో దిగినవాళ్ళు దిగినట్టే ఓడలకు దూరమై, ఆకలికి తమ గుర్రాలనే కోసుకు తిన్నారు. రికాబులు కరిగించి మేకులు, చొక్కాలు కుట్టి తెరచాపలు చేసుకుని, 242 మంది 5 పడవలెక్కారు. 1528 నవంబరులో కబేసా దె వాకా పడవను అలలు ఇప్పటి టెక్సాస్ తీరంలోని ఒక దీవి మీదికి విసిరాయి.

దీవివాళ్ళు చేపలూ దుంపలూ తెచ్చిపెట్టారు. మళ్ళీ ప్రయాణమవుతుంటే పడవ బోల్తాపడి ముగ్గురు పోయారు. మిగిలినవాళ్ళ ఒంటిమీద నూలుపోగు లేదు. ఆ దైన్యం చూసి దీవివాళ్ళు పక్కన కూర్చుని అరగంటకు పైగా ఏడ్చారు. గుడిసెలకు తీసుకెళ్ళే దారిలో నాలుగైదు చోట్ల పెద్ద మంటలు వేయించారు. ఒక మంట దగ్గర కాస్త వేడెక్కగానే, కాళ్ళు నేలకు ఆననీయకుండా ఇంకో మంట దాకా మోసుకుపోయారు.

ఆ చలికాలంలోనే కడుపుజబ్బుతో దీవివాళ్ళు సగంమంది చనిపోయారు. ఈ పరాయివాళ్ళే కారణమని, చంపేద్దామని కొందరన్నారు. ఒకతను అడ్డుపడ్డాడు: అంత శక్తే ఉంటే సొంతవాళ్ళను అంతమందిని పోగొట్టుకుంటారా? ఆ ఒక్క మాటతో వీళ్ళు బతికిపోయారు.

తర్వాతిది వెట్టి బతుకు. నీళ్ళలో దుంపలు తవ్వీ తవ్వీ, గడ్డిపోచ తగిలినా వేళ్ళ నుంచి నెత్తురు వచ్చేది. అక్కడి నుంచి తప్పించుకుని కబేసా దె వాకా తిరుగు వ్యాపారి అయ్యాడు. తీరం నుంచి గవ్వలూ శంఖాలూ లోపలికి, అక్కడి నుంచి తోళ్ళు, ఎర్రమన్ను, చెకుముకి రాళ్ళు తీరానికి. ఎప్పుడూ పోట్లాడుకునే తెగలు ఒకరి ఊరికి ఒకరు వెళ్ళలేవు. ఎవరి పక్షమూ కాని మనిషి అందరికీ కావలసివచ్చాడు. వైద్యం కూడా అలాగే అంటుకుంది: రోగం నయం చేయమంటే మొదట నవ్వాడు, తిండి ఆపేస్తే ఒప్పుకున్నాడు.

1534లో నాగజెముడు పళ్ళ కాలంలో, ఓడల్లో తనతో వచ్చినవాళ్ళలో మరో ముగ్గురితో పడమటికి నడక సాగించాడు. ఊరూరా జనం తోడొచ్చి తర్వాతి ఊరికి అప్పగించారు. 1536లో స్పెయిన్ దేశస్థులు ఎదురయ్యారు. వాళ్ళు బానిసల వేటకు వచ్చినవాళ్ళు. వెంట వచ్చిన జనాన్నే పట్టుకోబోయారు. ఈ నలుగురూ ఆ గుర్రపురౌతులూ ఒకే జాతి అంటే జనం నమ్మలేదు. వీళ్ళు రోగులను బాగుచేశారు, వాళ్ళు బాగున్నవాళ్ళను చంపారు. ఇదీ వాళ్ళ తీర్పు.

ఆ నలుగురిలో తెగలతో మాట్లాడి దారి కనుక్కున్నది మొరాకోకు చెందిన ఎస్తెబానికో అనే బానిస. మెక్సికో చేరాక కూడా అతనికి విముక్తి లేదు. 1542లో కబేసా దె వాకా అనుభవాలు పుస్తకమై అచ్చయ్యాయి. సాహసం అతనిదే, కాదనను. అయితే మాస్టారి ప్రశ్నకు జవాబు కూడా ఆ పుస్తకంలోనే ఉంది: మంట వేసినవాళ్ళు, వాదించినవాడు, దారి అడిగినవాడు. ఆ పేజీలను వీరగాథగా కాక రుణపత్రంగా చదవమని విద్యార్థులను కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.