పోటీ ఎవరిది వారిదే, సమస్య అందరిదీ



గడ్డిఅన్నారంలో చదువుకున్న మనకు మామిడి సీజన్ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. 1986లో ఇక్కడికొచ్చిన పండ్ల మార్కెట్ ఇప్పుడు బాటసింగారం వెళ్లిపోయింది. పండ్లు మాగబెట్టే గదులు కట్టించే ఇంజినీరుగా ఆ వ్యాపారుల మధ్య నేర్చుకున్న ఒక్క విషయం మీతో పంచుకుంటాను.

కార్బైడ్‌తో పండ్లు మాగబెట్టడం నిషేధం. అయినా ఆగకపోవడంతో 2015లో హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. వ్యాపారులందరూ చెడ్డవాళ్లని కాదు. కార్బైడ్ చౌక, పని తొందరగా అవుతుంది. ఒక్కడే మానేస్తే కొనేవాడు పక్క కొట్టుకు పోతాడు. పక్క కొట్టు పట్టుబడితే మాత్రం చెడ్డపేరు మార్కెట్ మొత్తానికీ వస్తుంది. కాబట్టి మానితే అందరూ కలిసి మానాలి. అందుకు ఒకచోట కూర్చోక తప్పదు.

2016లో ఆహార భద్రతా సంస్థ ఇథిలీన్ వాయువును 100 పీపీఎం వరకు అనుమతించింది. దారి దొరికింది కానీ, వాడకం తెలియాలి. వ్యాపారులు కూర్చున్న ఒక సమావేశంలో మొదట ఎవరూ నోరు విప్పలేదు. తన కిటుకు పక్కవాడికి ఎందుకు చెప్పాలి? చివరికి ఒకాయన, "నా గదిలో సగం కాయ పచ్చిగానే మిగిలింది" అన్నారు. "క్రేట్ల మధ్య గాలాడే సందు వదిలావా?" అన్నారు ఇంకొకాయన. లోపల చేరే కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి పంపుతుండాలన్నారు మూడో ఆయన. "లేత కాయ కోస్తే ఏ గదీ ఏం చేయలేదు" అన్నాడు వెనక నుంచి ఒక రైతు. నేను గంటసేపు చెప్పాల్సిన పాఠం వాళ్లే పది నిమిషాల్లో తేల్చేశారు. ఎవరి ఖాతాదారులు వాళ్లకే ఉన్నారు. ఎవరి బేరం వాళ్లదే.

ఒక్క జాగ్రత్త. పోటీదారులు కలిసి ధర కుదుర్చుకుంటే అది సహకారం కాదు, కుమ్మక్కు. 2002 నాటి కాంపిటీషన్ చట్టం దాన్ని ఒప్పుకోదు. నా కొలబద్ద ఒకటే: రైతు, కొనేవాడు పక్కనే కూర్చున్నా ఆ మాట అనగలమా? అనగలిగితేనే మాట్లాడాలి.

ఈ హాల్లో హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లు, మందుల షాపులు నడుపుతున్నవాళ్లున్నారు. ఒకే వీధిలో పోటీపడుతున్నవాళ్లూ ఉన్నారు. పార్కింగ్, నీళ్ల ట్యాంకర్లు, వానాకాలం మునక మీ అందరికీ ఉన్నవే. ఒకప్పుడు ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లం. ఈసారి మీ పోటీదారుణ్ని పక్కన కూర్చోబెట్టుకుని, మీ ఇబ్బంది ముందు మీరే చెప్పండి. రెండో మాట ఆయనే అందుకుంటారు.