తాతగారి ఓడ

ఆరడుగుల మనిషిని ఒక అంగుళానికి కుదిస్తే అది 72వ వంతు. విమానాల నమూనాలు కట్టేవారు లోకమంతటా ఎక్కువగా పాటించే కొలత ఇదే. ఓడలు మాత్రం ఈ కొలతకు లొంగవు. 700 అడుగుల యుద్ధనౌకను 72వ వంతున కడితే అది తొమ్మిదిన్నర అడుగులు దాటుతుంది. దానిని ఇంట్లో పెట్టుకొన్నవాడు తాను పోయి అరుగుమీద పడుకోవలసి ఉంటుంది. కనుక ఓడలకు 350వ వంతు, 700వ వంతు అనే కొలతలు వాడుకలోకి వచ్చినవి.

మన మొదటి విమానవాహక నౌక విక్రాంత్ పొడవు 700 అడుగులు. దానిని 700వ వంతున కడితే సరిగా ఒక అడుగు, అనగా బడిపిల్లవాని స్కేలుబద్దంత. ఆ బద్ద మీద మనిషి ఎంత ఉంటాడు? నువ్వుగింజకన్న చిన్నగా ఉంటాడు. ఆ నువ్వుగింజలలో ఒకటి మన తాతగారైనప్పుడు ఏమి చేయాలన్నదే ఈనాటి ప్రసంగ విషయం.

సైన్యంలో పనిచేసి వచ్చిన బంధువును గౌరవించడానికి, ఆయన ఎక్కిన ఓడనో, సేవచేసిన విమానాన్నో, తోలిన లారీనో చిన్నదిగా కట్టి ఆయన చేతికి ఇచ్చే అలవాటు పడమటి దేశాలలో ఉన్నది. మన ఇళ్ళలో అది అరుదు. సైనికులు లేక కాదు. పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని జనం మిలటరీ మాధవరం అనే పిలుస్తారు. తరతరాలుగా అక్కడి కుటుంబాలు సైన్యానికి బిడ్డలను పంపినవి. అయితే మన పద్ధతి ఏమంటే, గోడమీద యూనిఫారం ఫొటో ఒకటి, బీరువాలో పతకాలు నాలుగు. ఆ ఫొటోకు దండ వేసే రోజు వచ్చేదాకా, ఆయన అక్కడ సరిగా ఏ పని చేశాడని అడిగేవారుండరు. 1971 యుద్ధంలో ఇరవయ్యేళ్ళ కుర్రవారుగా పాల్గొన్నవారు ఇప్పుడు డెబ్బయి దాటినవారు. అడగవలసిన కాలం ఇదే.

ఆ యుద్ధంలోనే, డిసెంబరు 9న, డయ్యూ తీరానికి దూరంగా సముద్రంలో పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ మన ఖుక్రీ నౌకను ముంచివేసినది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు ప్రాణాలు కోల్పోయారు. ఈనాడు డయ్యూలో, సముద్రానికి ఎదురుగా, గాజు అరలో ఖుక్రీ నమూనా నిలిచి ఉన్నది. చూసినవారు తలవంచి నమస్కరిస్తారు. అది మృతవీరులకు జాతి ఇచ్చిన గౌరవం. అందులో ఏ నిచ్చెన ఏ వైపు ఉండవలెనో, ఏ తలుపు ఎటు తెరుచుకోవలెనో వారు వచ్చి దిద్దరు. జీవించి ఉన్నవారి కోసం కట్టే నమూనా సంగతి వేరు. గౌరవం పొందేవాడే దానిలో తప్పులు పట్టగలడు. ఆ తప్పులు పట్టే అవకాశం ఆయనకు కల్పించడమే ఈ పనిలోని అసలు గౌరవమని నా అభిప్రాయం.

విక్రాంత్ కథ కొంత చెప్పవలసి ఉన్నది. ఇంగ్లండులో 1943లో హెర్క్యులీస్ అనే పేరుతో నిర్మాణం ప్రారంభమై, యుద్ధం ముగియడంతో అసంపూర్తిగా నిలిచిపోయిన ఓడ అది. 1957లో భారత ప్రభుత్వం దానిని కొని, బెల్‌ఫాస్ట్‌లో పూర్తిచేయించి, 1961 మార్చి 4న నౌకాదళంలో చేర్చుకొన్నది. 1971 డిసెంబరు 4న దాని సీ హాక్ విమానాలు కాక్స్ బజారు మీద, చిట్టగాంగు మీద దాడిచేసినవి. 1997 జనవరి 31న ఓడ విశ్రాంతి తీసుకొన్నది. కొన్నేళ్ళు ముంబయిలో ప్రదర్శనశాలగా నిలిచి, 2014లో పాత ఇనుముగా అమ్ముడుపోయి ముక్కలైనది. ఆ ఉక్కులో కొంత కరిగించి మోటారు సైకిళ్ళ తయారీలో వాడారు. కనుక ఈనాడు ఎవరైనా మనుమడు తాతగారిని వెంటబెట్టుకొని వెళ్ళి, ‘నీవు పనిచేసిన చోటు చూపించు తాతయ్యా’ అని అడగడానికి ఓడ లేదు. 2022లో నౌకాదళంలో చేరిన నౌక పేరు కూడా విక్రాంతే గాని, అది వేరొక ఓడ. బజారులో ఆ కొత్త ఓడ బొమ్మ కొని పాత నావికుని చేతిలో పెట్టేవారూ ఉన్నారు. పేరు ఒకటే కదా అంటారు. మన తాతగారి పేరుగల వేరొకరి ఫొటో తెచ్చి ఇంట్లో తగిలిస్తే ఒప్పుకొంటామా?

శ్రీకాకుళం జిల్లాలోని ఒక పల్లెలో నాకు వరసకు పెదనాన్న ఒకాయన ఉన్నారు. 1971లో విక్రాంత్ బాయిలరు గదిలో పనిచేసినవారు. ఇంటిల్లిపాదికీ తెలిసినది ఆయన విక్రాంత్‌లో ఉన్నారని మాత్రమే. ఇంజనీరింగు చదివే మనుమడు మూడు నెలలపాటు ఎవరికీ చెప్పకుండా అట్టముక్కలతో, ప్లాస్టిక్కు రేకులతో ఆ ఓడను 700వ వంతున కట్టాడు. పైకప్పు మీద విమానాలను గోరంత గోరంతగా చేసి, వరుసలో నిలబెట్టాడు. ఓడ బల్లమీదనే తేలుతున్నట్లు కనబడాలని, నీటిమట్టం వద్ద కోసినట్లు అడుగుభాగం లేకుండా కట్టాడు. 700వ వంతు నమూనాలలో ఈ పద్ధతి సాధారణం. పుట్టినరోజున తెచ్చి తాతగారి ముందు పెట్టాడు.

ఆయన కళ్ళజోడు పెట్టుకొని చాలాసేపు చూశారు. ‘చాలా బాగుందిరా నాన్నా’ అన్నారు. తరువాత, ‘మరి ఇందులో నేనెక్కడ ఉన్నానురా?’ అని అడిగారు. కుర్రవాడు పైకప్పు మీద ఒక చోటు చూపాడు. ‘అక్కడికి మమ్మల్ని ఎవరు రానిచ్చారురా! మా గది నీళ్ళకు కింద’ అంటూ ఆయన వ్రేలు ఓడ ప్రక్కగా దిగి, బల్లచెక్క మీద ఆగినది. ఆయన సేవచేసిన ఓడ ఆ నమూనాలో కట్టనే లేదు.

ఇంకొక చిక్కు కూడా బయటపడినది. నమూనాలో ఓడ ముక్కు పైకి ఎత్తి ఉన్నది. ‘ఈ ముక్కు మా కాలానిది కాదు’ అన్నారాయన. నిజమే. సీ హారియర్ విమానాల కోసం ఆ ఎత్తుపట్టును 1980లలో అమర్చారు. 1971లో ముక్కు సమతలంగానే ఉండేది. ఆవిరి బలంతో విమానాన్ని ముందుకు విసిరే యంత్రం ఉండేది. ఇప్పుడు దొరికే ఫొటోలలో చాలావరకు ఓడ చివరి రోజులవి కనుక కుర్రవాడు వాటినే నమ్మాడు. ఈ పనికి పూనుకొనేవారు మొట్టమొదట తేల్చుకోవలసినది ఇదే: ఏ ఓడ అన్నది చాలదు, ఏ సంవత్సరంలోని ఓడ అన్నది కావాలి. యుద్ధనౌకలు ముప్ఫయి అయిదేళ్ళు ఒకే రూపంతో ఉండవు, మనుషులలాగే.

మనుమడు రెండవ నమూనాకు పూనుకొన్నాడు. ఈసారి 350వ వంతు, రెండడుగుల పొడవు, అడుగుభాగంతో సహా. రహస్యం లేదు. ఆదివారం ఆదివారం కట్టినంతవరకు పట్టుకొని వచ్చి తాతగారి ముందు పెట్టేవాడు. ఆయన సుద్దముక్కతో వసారాలో గచ్చుమీద బాయిలరు గది గీసి చూపేవారు. గచ్చు కడిగేలోగా పిల్లవాడు దానిని కాగితం మీదికి ఎక్కించుకొనేవాడు. ఆ గీతలమధ్య మాటలు వచ్చినవి. 1971 నాటికి ఓడలోని నాలుగు బాయిలర్లలో ఒకదానికి పగులు పట్టి, ఓడ పూర్తి వేగం అందుకోలేని స్థితిలో ఉండేది. మిగిలిన వాటి ఆవిరితోనే ఓడ నడవాలి, ఆ ఆవిరితోనే పైన విమానాలు లేవాలి. ‘పైన విమానం లేచినది మాకు కంటికి తెలియదు. ఆవిరి ముల్లు ఒక్కసారి కిందికి వాలితే, అదిగో ఒకటి పోయింది అనుకొనేవాళ్ళం’ అన్నారట. ఈ మాట విని మా పెద్దమ్మగారు, ‘ఇన్నేళ్ళుగా ఈయన ఓడెక్కి సముద్రపు గాలి తిని వచ్చారనుకొంటున్నాను’ అన్నారు. పెళ్ళయి యాభయి ఏళ్ళు!

నాకు తోచినది చెబుతాను. ఇటువంటి కానుకను ఆశ్చర్యపరచడానికి ఇవ్వకూడదు. పూర్తయిన వస్తువును చూపితే పెద్దలు మెచ్చుకొంటారు, అంతటితో సరి. పిల్లల శ్రమను తప్పు పట్టడానికి వారికి నోరు రాదు. సగం కట్టినదాన్ని చూపితే చేతులు ముందుకు వస్తవి, వెనుక మాట వస్తుంది. ‘యుద్ధం గురించి చెప్పండి’ అంటే చాలామంది మాజీ సైనికులు ‘ఏముంది, చేశాం’ అని ఊరుకొంటారు. ‘ఈ గొట్టానికి ఏ రంగు?’ అంటే అరగంట చెబుతారు. ఎంతమందిని చంపారు వంటి ప్రశ్నలు పిల్లలు వేయకుండా ముందే చెప్పి ఉంచడం మంచిది. ఏదైనా సంగతి దగ్గర ఆయన మాట ఆపితే, మనం రంగుల డబ్బా మూత తీయడంలో నిమగ్నులం కావడం మర్యాద.

వైమానికదళంలో పనిచేసినవారి ఇళ్ళలో నాట్ విమానం కట్టాలని సరదాపడతారు. 1965లోనూ 1971లోనూ పేరుపొందిన చిన్న యుద్ధవిమానం. 72వ వంతున అయిదు అంగుళాలైనా ఉండదు. అయితే ఇంగ్లండులోని ఎయిర్‌ఫిక్స్ కంపెనీ 1960లలో విడుదలచేసి, లోకమంతటా వ్యాపింపజేసిన నాట్ పెట్టెలో ఉన్నది ఇద్దరు కూర్చునే శిక్షణ విమానం, ఎర్రరంగు విన్యాసాల జట్టుది. మన దళంలో పోరాడినది ఒక్కరు కూర్చునేది. మేనమామ దానికి తుపాకి గుండ్లు నింపిన ఆర్మరరు అయితే, ఆ ఎర్ర విమానం ఆయనకు ఏమవుతుంది? విమానం ప్రక్కన నిచ్చెన, గుండ్ల పెట్టె, అంగుళం ఎత్తున ఒక మనిషి, ఇవి ఉంటేనే అది ఆయన విమానం.

అసలు పెట్టెలే దొరకని సేవలు ఎక్కువ. సైన్యంలో లారీ తోలినవారు, వంట చేసినవారు, తంతితీగలు వేసినవారు ఎందరో. శక్తిమాన్ లారీ ఉన్నది. జర్మనీలోని మాన్ కంపెనీ నమూనాపై 1959 నుండి జబల్పూరులో తయారై, కొండదారులలో మన సైన్యపు బరువు మోసిన లారీ. సైనిక వాహనాలకు వాడుకలో ఉన్న 35వ వంతున దానిని కట్టాలంటే అట్ట, చెక్క, కత్తి, ఓపిక కావాలి. దీనికి మనవారు సీమసరకు కోసం వెదకనక్కరలేదు. కొండపల్లి బొమ్మలు చేసేవారి తెల్లపొణికి కర్ర తేలికగా తెగుతుంది, బరువుండదు. అతుకులు కప్పడానికి వారు చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపి చేసే మక్కు ఉండనే ఉన్నది. ఆరిన తరువాత ఉప్పుకాగితంతో రుద్దితే నున్నగా వస్తుంది. లారీకి పెద్ద రంగులపని లేదు. అయితే తోలినవారిని అడగండి: అద్దం దగ్గర ఏ దేవుని పటం ఉండేదో, టార్పాలిన్‌కు చిరుగు ఏ మూలనో. బండి అంతటికన్న ఆ చిరుగు దగ్గరే ఆయన ఎక్కువసేపు ఆగుతారు.

కొందరి అదృష్టం వేరు. విశాఖపట్నం రామకృష్ణా బీచిలో కుర్సురా జలాంతర్గామి ఉన్నది. 1969 నుండి 2001 వరకు సేవచేసి, 2002 నుండి ఒడ్డున ప్రదర్శనశాలగా నిలిచినది. 91 మీటర్ల పొడవు. 350వ వంతున 26 సెంటీమీటర్లు. దానిలో పనిచేసిన పెద్దలున్న ఇంటివారు టేపు తీసుకొని, ఆయనను వెంటబెట్టుకొని, రద్దీలేని పూట చూసి వెళ్ళవచ్చును. లోపల గుండ్రని తలుపుల్లో వంగి దూరవలసి ఉంటుంది గనుక మోకాళ్ళ నొప్పులుంటే ముందే ఆలోచించుకోవాలి. ఆయన లోపలికి వెళ్ళలేకపోయినా, బయట ఇసుకలో కూర్చొని ‘మూడో గదిలో ఎడమ ప్రక్క పై పరుపు చూసి రా’ అని పంపితే చాలు.

చివరగా నమూనా అడుగున పెట్టే ఫలకం. సాధారణంగా పేరు, హోదా, సంవత్సరాలు వ్రాయిస్తారు. ఏమి వ్రాయాలో ఆయననే అడగడం మేలు. మా పెదనాన్నగారు తన పేరు వద్దన్నారు. తనతో ఒకే కాపలాలో బాయిలరు దగ్గర నిలిచిన నలుగురి పేర్లు వ్రాయమన్నారు. ఇద్దరి పేర్లు చెప్పారు. మూడవ ఆయనను అందరూ ‘మద్రాసు’ అనే పిలిచేవారట, అసలు పేరు ఎప్పుడూ అడగలేదట. ఫలకం మీద మద్రాసు అనే చెక్కించారు. నాలుగవ పేరు ఆయనకు ఇంకా జ్ఞాపకం రాలేదు. దానికి చోటు వదిలి ఉంచారు.