పెక్కు మాటలకు ఒక్క మాట
(రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



ఇంగ్లీషు పదసంపదను పెంచుకొను మార్గమును గూర్చి మాటలాడవలసినదని కార్యవర్గమువారు నన్ను కోరినారు. తెలుగు పుస్తకముల నడుమ ఈ ఇంగ్లీషు గొడవ యేల యని కొందరు పెద్దలకు తోచవచ్చును. అందుకు సమాధానము పురుగుమందుల దుకాణములో దొరకును. అచ్చటి డబ్బాలపై ఇన్‌సెక్టిసైడు, ఫంగిసైడు, హెర్బిసైడు అను మాటలు కనిపించును. రైతు నోట ఇవి పురుగుమందు, తెగులుమందు, గడ్డిమందు. నోట నున్నంతవరకు చిక్కు లేదు, చిక్కంతయు డబ్బాతోనే. కందికి కాయతొలుచు పురుగు పట్టినపుడు కావలసినది మొదటిది. దాని బదులు మూడవది చేతికి వచ్చినచో పురుగు మిగులును, పంట మాడును. అక్షరజ్ఞానము గల కుమారుడు ఇంట నుండియు ఆ మాటకు అర్థ మెరుగకున్నచో వాని చదువు తండ్రి చేనికి అక్కరకు రాలేదన్నమాట.

ఈ మూడు మాటలకును తోక ఒక్కటే. లాటిను భాషలో నరకుట, చంపుట యను అర్థములు గల ధాతువునుండి ఆ 'సైడు' వచ్చినది. పురుగులను చంపునది, శిలీంధ్రములను చంపునది, మొక్కలను చంపునది అని మూడు మాటలలో చెప్పవలసినదానిని ఇంగ్లీషువారు ఒక్కొక్క మాటలో ఇమిడ్చినారు. ఎలుకలను చంపునది రోడెంటిసైడు. మనిషిని మనిషి చంపుట హోమిసైడు, తన్ను తాను చంపుకొనుట సూసైడు, పసికందును చంపుట ఇన్‌ఫాంటిసైడు. 'డెసైడ్' అను మాట కూడ ఆ ధాతువునుండియే పుట్టినది. సంశయమును నరికివేయుటయే నిశ్చయము కాబోలు! అదే డబ్బాపై 'యాంటిడోట్' అను మాట యుండును. విషము ఒంటికెక్కినపుడు దానిని హరించుటకు ఇచ్చు మందు అని అర్థము. దానికి తెలుగున 'విరుగుడు' అను చక్కని ఒంటిమాట కలదు. రోగిని ఆసుపత్రికి తీసికొనిపోవునపుడు డబ్బాను కూడ వెంట తీసికొనిపోవలెను. ఆ మాట వ్రాసిన చోటు వైద్యునికి అక్కరకు వచ్చును.

ఇట్లు ఒక్క మాటలో పెక్కు మాటల నిముడ్చుట ఇంగ్లీషువారి సొత్తని భ్రమపడరాదు. మనము 'మొన్న' అని ఊరకుందుము. వారు 'ది డే బిఫోర్ యెస్టర్‌డే' అని నాలుగు మాటలు పలుకవలెను. 'వియ్యంకుడు' అనుటకు వారికి మాట లేదు. 'నా కుమార్తె మామగారు' అని చుట్టు తిరిగి చెప్పుకొనవలసినదే. 'ఎంగిలి'కి ఎన్ని వాక్యములు వ్రాసినను వారికి పూర్తిగా బోధపడదు. నిజామునాట ఉర్దూ కార్యాలయ భాషగా నుండెను. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడువరకు ఈ కొడంగల్ తాలూకా గుల్బర్గా జిల్లాలో నుండెను. ఉర్దూ అక్షరము రాని మన తాతలు సహితము పహాణి, జమాబందీ, విరాసత్ అను మాటలను క్షుణ్ణముగ ఎరుగుదురు. తండ్రి మరణించిన పిదప ఆయన భూమిని వారసుల పేర వ్రాయించుట యనునంత పొడవు విషయము 'విరాసత్' అను ఒక్క మాటలో నిమిడినది. భూమి పోవునను భయమే వారికి ఆ మాటలను నేర్పినది.

మరి నేర్చుకొనుట యెట్లు? స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పరీక్షలలో పొడవైన వాక్యమునిచ్చి దానికి సరియగు ఒక్క మాటను గుర్తింపుమని అడుగుదురు. అందులకై మన యువకులు అంగడిలో దొరకు పట్టికలను రాత్రింబవళ్ళు వల్లెవేయుచున్నారు. తపాలాబిళ్ళలను సేకరించువాడు ఫిలాటెలిస్టు, నాణెములను సేకరించువాడు న్యూమిస్మాటిస్టు! పరీక్ష ముగిసిన వారమునకు ఆ రెండును కలిసిపోవును. నా మతమున పట్టికకంటె ధాతువు మేలు. మన అలమారలలో నుండదగిన గ్రంథము కందుకూరి వీరేశలింగముగారి స్వీయచరిత్రము. అట్టి గ్రంథమును ఇంగ్లీషున ఆటోబయోగ్రఫీ అందురు. ఆటో యనగా తాను, బయో యనగా జీవితము, గ్రఫీ యనగా వ్రాత. స్వీయ, చరిత్ర అని మనము కూర్చినట్లే వారును గ్రీకు ముక్కలను కూర్చుకొనినారు. ఈ మూడు ముక్కలు తెలిసినవానికి బయాలజీ, జియోగ్రఫీ, ఫోటోగ్రఫీ అనునవి సగము తెలిసినట్లే.

నిఘంటువు మాటనుండి అర్థమునకు దారి చూపును. మనకు కావలసినది అర్థమునుండి మాటకు దారి. పూర్వము వీధిబడులలో వల్లెవేయించిన అమరకోశము ఆ పద్ధతినే స్వర్గము, భూమి, వనౌషధులు అని వర్గములుగా కూర్చబడినది. ఇంగ్లాండున రోజెట్ అను వైద్యుడు 1805లో ఇట్టి కూర్పు నారంభించి 1852లో ప్రకటించెను. సి.పి. బ్రౌనుగారి తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు మద్రాసున వెలువడినదియు ఆ 1852లోనే.

ఇక రెండవ తరగతి పొడవు మాటలు కలవు. ఇవి పండితులవి కావు, కార్యాలయములవి. 'ఇన్ ది ఈవెంట్ ఆఫ్' అనుచోట 'ఇఫ్' చాలును. 'ఎట్ ది ప్రెజెంట్ టైమ్' అనుటకు 'నౌ' చాలును. 'ఇన్ స్పైట్ ఆఫ్ ది ఫ్యాక్ట్ దట్' అను ఆరు మాటల పని 'దో' అను చిన్నమాట చేయును. బ్రిటిషు ఉద్యోగులకు ఈ సంగతి బోధించుటకై ఎర్నెస్ట్ గవర్స్ అను ఆయన 1948లో ఒక చిన్న పుస్తకమును వ్రాయవలసివచ్చెను. దొరలకే అట్టి పాఠము కావలసివచ్చినపుడు, వారి పాత అర్జీల ఫక్కిని మనమింకను మోయుట వింతగా నున్నది.

అయితే ఒక్క మాట సర్వత్ర మేలని నేననను. ఎనిమిది పదుల వయస్సు వానిని 'ఆక్టోజెనేరియన్' అందురు. వృద్ధాప్య పింఛను అర్జీలో ఆ మాట వ్రాసినచో చదువరికి ఎనుబదియా, ఎనుబదితొమ్మిదియా తెలియదు. అచ్చట '82 సంవత్సరములు' అని వ్రాయుటయే తగును. గల్ఫు దేశమునకు పోవు కూలి శంషాబాదు విమానాశ్రయమున ఎమిగ్రెంటు; విమానము దిగినచోట ఇమ్మిగ్రెంటు. మనిషి యొక్కడే, పోవుటకొక మాట, వచ్చుటకొక మాట. కాగితముపై ఏ దేశమువారు ఏ మాట అడుగుచున్నారో చూచి నింపవలెను.

కార్యవర్గమువారికి నాదొక విన్నపము. పత్రికల బల్లపై గీతలుగల లావుపాటి నోటుపుస్తకము నొకదాని నుంపుడు. పుటకు రెండు గడులు చాలును. ఎడమ గడిలో విషయము తెలుగున విపులముగ, కుడి గడిలో ఇంగ్లీషు ఒంటిమాట తెలుగు లిపిలో నుండవలెను. కుడివైపును చేతితో కప్పి చదువుకొనవచ్చును. వ్రాసినవారు ఆ మాట తమకు ఎచ్చట తారసపడెనో కూడ, డబ్బాపైననా, బ్యాంకు కాగితమునందా, పత్రికలోనా యనునది, క్రింద గుర్తువేయవలెను. అర్థము తెలియని మాటయైనచో ఎడమ గడిని ఖాళీగా విడువుడు. దానిని నింపువారు మరునాడు రావచ్చును.