గుడ్డలోంచి పుట్టే నలుపు

బొమ్మల మీద పెద్దగా ధ్యాస లేని నన్ను శ్రీకాళహస్తిలో ఒక్క గీత కట్టిపడేసింది. ఓ కలంకారీ కళాకారిణి తన ఇంటి వసారాలో కూర్చుని, లేత పసుపు గుడ్డ మీద సీతమ్మవారి కన్ను గీస్తున్నారు. కలం కదిలినప్పుడు గీత ఉందా లేదా అన్నట్టుంది. చూస్తుండగానే ముదిరి, కాటుక నలుపుకు తిరిగింది.

బొమ్మ వేయకముందే గుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో ముంచి ఆరబెడతారు. నల్లరంగేమో బెల్లం నీళ్లలో తుప్పుపట్టిన ఇనప ముక్కలు వేసి వారాల తరబడి ఊరబెట్టినది. దాన్ని కసిమి అంటారు. కరక్కాయ వగరూ ఇనుమూ కలిసిన చోట నలుపు పుడుతుంది. అంటే సగం రంగు కలంలో ఉంటే, సగం గుడ్డలోనే దాగి ఉందన్నమాట! పాలలోని కొవ్వు గీతను అలుక్కుపోనివ్వదు. ఎరుపుదీ దాదాపు ఇదే దారి. పటిక నీళ్లు పూసిన చోటే అది గట్టిగా పట్టి నిలుస్తుంది.

శ్రీకాళహస్తి కలంకారీ తెర ఎదురైతే రంగులు మాత్రమే చూసి వెళ్లిపోకండి. చాలా తెరల్లో నడుమ పెద్ద గడిలో పట్టాభిషేకం లాంటి ఘట్టం ఉంటుంది. చుట్టూ వరసల్లో కథ నడుస్తుంది, బొమ్మల పైన తెలుగులో రాసిన పంక్తులుంటాయి. కథ చదువుకున్నాక బాగా దగ్గరికెళ్లి గీతను చూడండి. కలానికి చుట్టిన ఉన్నిని వేళ్లతో నొక్కితే రంగు దిగుతుంది. ఎక్కడ నొక్కారో, ఎక్కడ వదిలారో గీతే చెబుతుంది. పెడన కలంకారీలో చెక్క అచ్చులతో అద్దే పని అందం వేరు. శ్రీకాళహస్తిలో ప్రతి కన్నూ విడిగా గీసినదే.

ఈ పని తెలిసినవాళ్లు కొద్దిమందే మిగిలిన రోజుల్లో, 1950ల్లో, హస్తకళల కోసం పాటుపడిన కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం వచ్చింది. ఆ ఊరి కళాకారుడు జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ దక్కింది. అప్పుడా కేంద్రం రాకపోతే నేను చూసిన ఆ కన్ను ఉండేదా అనిపిస్తుంది.

చూసి ఊరుకోలేకపోయాను. గంజి పోయేలా ఉతికిన నూలు గుడ్డ, మూలికల కొట్లో దొరికే కరక్కాయ పొడి, పాలు, తుప్పు మేకులు, బెల్లం సమకూర్చుకున్నాను. వెదురు పుల్ల మొన చెక్కి, కాస్త పైన ఉన్ని చుట్టి దారంతో బిగించాను. దేవుళ్ల జోలికి పోకుండా మామిడాకు ఈనెలు గీశాను. చెయ్యి ఆగితే రంగు ముద్దవుతుంది, తొందరపడితే గీత తెగుతుంది. ఆ తర్వాత తెరలు చూసినప్పుడు, ఏనుగు వీపు మీది పొడుగాటి వంపు తెగకుండా లాగడం ఎంత పనితనమో నా మణికట్టుకు అర్థమైంది. ఆ వంపు దగ్గర ఎంతసేపు నిలబడినా తనివి తీరలేదు.

మీరూ ఓ జాడీలో కసిమి ఊరేయండి. వంటకు వాడని జాడీ అయితే మంచిది. మూత మాత్రం గట్టిగా బిగించకండి, ఊరేటప్పుడు గాలి పుడుతుంది. ఈలోగా శ్రీకాళహస్తి వెళ్లే పని పడితే, దర్శనం అయ్యాక కలంకారీ వేసే ఇళ్లవైపు వెళ్లి, "అమ్మా, కాసేపు కూర్చుని చూడొచ్చా?" అని అడగండి. కలం చేతికిచ్చి గీయమంటే వెనకాడకండి.