పని నేర్పేవారికి నేర్పేదెవరు?



పదో తరగతి ఫలితాలు రాగానే మన ఇళ్లలో మొదలయ్యే చర్చ మీకు తెలియంది కాదు. మార్కులు బాగా వస్తే ఇంటర్మీడియట్, ఆపైన ఇంజనీరింగు. రాకపోతే, "పోనీ, ఐ.టి.ఐ.లో పడెయ్యండి" అనేస్తారు. ఆ "పడెయ్యడం" అన్న మాట నాకెప్పుడూ గుచ్చుకుంటుంది. రేపు మన ఇంటికి వైరింగు చేసేదీ, ఆసుపత్రిలో లిఫ్టు ఆగిపోకుండా చూసేదీ ఆ పిల్లలే కదా!

సరే, చేర్పించాం. ఫీజు కట్టాం. మరి పిల్లవాడికి అక్కడ పని వస్తోందా? ఈ ప్రశ్న మనం అడగం. క్యారేజీ కట్టి పంపిస్తాం, సర్టిఫికెట్టు కోసం ఎదురుచూస్తాం.

మన దేశంలో ఈ శిక్షణ పథకం 1950లో మొదలైంది. ఫిట్టరు, ఎలక్ట్రీషియను కోర్సులు రెండేళ్లు. వెల్డరు ఒక ఏడాది. ఫిట్టరు కుర్రవాడికి మొట్టమొదట ఇచ్చే పని ఏమిటో తెలుసా? ఒక ఇనుప ముక్కను ఆకురాయితో సాపుగా రాయడం. వినడానికి ఎంత తేలిక! కాని చెయ్యి ఏమాత్రం ఊగినా ముక్క మధ్యలో ఉబ్బుతుంది. మూలమట్టం ఆనించి వెలుతురుకెదురుగా పట్టుకుంటే సందులోంచి వెలుగు కనిపిస్తుంది. అప్పుడు మేష్టరు పక్కన నిలబడి, "కాలు కొంచెం వెనక్కి పెట్టు, మోచెయ్యి వంచకు" అని చెప్పాలి. ఆ మాట ఆ క్షణంలో చెప్పే మనిషి లేకపోతే, పిల్లవాడు రెండేళ్లు రాసినా ముక్క ఉబ్బుతూనే ఉంటుంది. ఒక బ్యాచికి ఇరవై మంది దాకా ఉంటారు. మిషన్లలో ఒక్కటే పనిచేస్తుంటే ఒకడు చేస్తాడు, పంతొమ్మిది మంది చూస్తారు. రికార్డు పుస్తకాలు మాత్రం ముత్యాల్లా ఉంటాయి!

మిషను డబ్బు పెడితే వస్తుంది. మేష్టరు అలా రాడు. పని రావడం వేరు, నేర్పడం వేరు. మన ఇళ్లలోనే చూడండి. అమృతంలాంటి పులుసు పెట్టే అత్తగారిని ఉప్పెంత వెయ్యాలని అడిగితే "తగినంత" అంటారు. ఆవిడకు పని వచ్చు, చెప్పడం రాదు! అందుకే ఐ.టి.ఐ. బోధకులకు ప్రత్యేకంగా ఏడాది శిక్షణ ఉంది. మన హైదరాబాదులోనే విద్యానగర్‌లో, రామంతాపూర్‌లో అందుకు జాతీయ సంస్థలున్నాయి. అయినా ఆ శిక్షణ లేకుండానే పాఠాలు చెబుతున్నవారు దేశంలో చాలామంది.

ఆ, ఏముందిలే అంటారా? జర్మనీలో జరిగింది వినండి. అక్కడ పని నేర్చుకునేవాళ్లు వారంలో మూడు నాలుగు రోజులు కంపెనీలో, ఒకటి రెండు రోజులు బడిలో ఉంటారు. కంపెనీలో నేర్పేవారికి కూడా ఒక పరీక్ష 1972లో పెట్టారు. పని వచ్చా అని కాదు, నేర్పడం వచ్చా అని. 2003లో, పిల్లలకు చోటు చాలక, మరిన్ని కంపెనీలు ముందుకొస్తాయన్న ఆశతో ఆ షరతు సడలించారు. తీరా చూస్తే, అలా పరీక్ష ప్యాసైనవారు లేని కంపెనీల్లో మధ్యలో మానేసే పిల్లలు ఎక్కువగా కనిపించారు. 2009 ఆగస్టులో మళ్లీ పరీక్ష తెచ్చారు.

పెద్ద చదువుల సంగతీ ఇంతే. హైస్కూల్లో పంతులమ్మకు బి.ఇడి. కావాలి. ఎం.ఎ., ఎం.ఎస్సీ. క్లాసులకు వచ్చే లెక్చరరుగారికి నెట్ పరీక్షో పిహెచ్.డి.యో ఉంటే చాలు. పాఠం చెప్పడం నేర్చుకుని రావాలన్న నియమం లేదు. ఎంతో చదివినవారే, కాని వెనక బెంచీకి ఒక్క ముక్కా అందదు.

అందుచేత అప్లికేషను పెట్టే ముందు ఒకసారి మీరే వెళ్లిరండి. ఆఫీసు గదిలో కూర్చోకండి, వర్క్‌షాపు చూపించమనండి. నేల మీద ఇనుప రజను ఉందా? అద్దంలా మెరుస్తుంటే అనుమానించవలసిందే! మేష్టరుగారు బోధక శిక్షణ పొందారా అని మర్యాదగానే అడగండి. పిల్లల్ని ఏ కర్మాగారానికి పంపిస్తారో కూడా అడగండి, కొంతకాలం ఐ.టి.ఐ.లో, కొంతకాలం కర్మాగారంలో నేర్పే పద్ధతి మన దేశంలోనూ 2016లో వచ్చింది. అమ్మాయి ఎలక్ట్రీషియను అవుతానంటే, "నీకెందుకే, కుట్టుపని నేర్చుకో" అనకండి. ఆమెను కూడా వెంటబెట్టుకుని వెళ్లండి.

వెళ్లేది మాత్రం పనిదినాన, క్లాసులు జరిగే వేళకు. ఆదివారం వెళితే వాచ్‌మన్ తప్ప ఎవరూ కనిపించరు.