నదీతీరమున నడకబాట, సైకిలుబాట
(పాఠశాల వార్షికోత్సవమున ప్రధానోపాధ్యాయుల ప్రసంగము)



మన జవళగిరి బిడ్డలు పలువురు పై చదువులకును, ఉద్యోగములకును హోసూరు చేరుచున్నారు. పదునొకండవ తరగతిలో ప్రభుత్వము ఉచితముగా ఇచ్చిన సైకిలే అక్కడ వారికి వాహనము. లారీల నడుమ పోవు ఆ బిడ్డలకు నది యొడ్డున ఒక బాట యున్న బాగుండునని మేము తలంచుచుందుము.

నది లేకపోలేదు. దక్షిణ పినాకిని నెల్లూరు పెన్నకు తోబుట్టువు. రెండును నందికొండల ప్రాంతమున పుట్టినవే. కాని బెంగుళూరు మురుగును, కర్మాగారముల వ్యర్థములును మోసికొని వచ్చి, కెలవరపల్లి జలాశయము కడ అది నురుగు గ్రక్కుట మీరు పత్రికలలో చూచియే యుందురు. ముక్కు మూసికొని నడచుట వ్యాయామము కాదు గదా! కావున బాట నడుగువారు ముందు నీటిని గూర్చి అడుగవలెను.

అహమ్మదాబాదులో సబర్మతి కిరువైపుల దాదాపు 11 కిలోమీటర్ల మేర బాటలు వేసి 2012 నుండి ప్రజలకు తెరచిరి. ఎండు నదిని నర్మదా కాలువ నీటితో నింపిరి. ఒడ్డున గుడిసెలలో నుండిన వేలాది కుటుంబములు మాత్రము దూరము తరలవలసి వచ్చెను. ఆ సంగతి మరువరాదు. హైదరాబాదులో 2023లో 23 కిలోమీటర్ల సైకిలుబాటకు సౌరఫలకముల కప్పు వేసిరి. ముచ్చటైన పనియే, కాని అది వలయ రహదారి ప్రక్కన వేసినది, మూసీ తీరమునకై వేసినది కాదు.

బాట వచ్చినను ఒక చిక్కు కలదు. నడచువాడు గంటకు 5 కిలోమీటర్లు పోవును. సైకిలువాడు సులువుగా 15 పోవును. చెవి వినబడని వృద్ధులు, చేయి విడిపించుకొని పరుగెత్తు పసివారు ఆ బాటమీదనే యుందురు. వెడల్పున్నచోట గీత గీసి వేరుచేయవచ్చును. లేనిచోట వేగముగా వచ్చువాడే తగ్గవలెను. మన అడవిదారిలో ఏనుగు కనబడిన నెంతటివాడును ఆగును, అది భయము. నదియొడ్డున ముసలవ్వ కొరకు ఆగుట వేరు. అది నేర్పిన గాని రాదు.

హోసూరులో ఎదుటివాడు తెలుగువాడో, తమిళుడో, కన్నడిగుడో తెలియదు. సైకిలు గంట మాత్రము అందరికిని తెలిసిన భాష. మన పిల్లల సైకిళ్లలో సగమునకు గంటలు మ్రోగవు, కొన్నింటికి బ్రేకులును అంతంతమాత్రమే. ఈ ఆదివారము మీరు వానిని బాగుచేయించి పంపుడు. సోమవారము నుండి మైదానము చుట్టును, చిన్న తరగతుల వారిని నడిపించుచు, పెద్దవారికి సైకిలు అభ్యాసము మేము చేయింతుము.