దానంగా వచ్చిన కవాటం

చాకిరేవులో నూలుబట్టలను ఉబ్బకు పెట్టడం, బండకు బాదడం మనకందరకు తెలిసినదే. పట్టుబట్టకు ఆ మర్యాద జరుగదు. దానిని కుంకుడుకాయ రసంలో ముంచి, చేతితో మెల్లగా జాడించి, నీడపట్టున ఆరవేస్తారు. మురికి పోవడం ఎంత అవసరమో, బట్ట నిలవడం అంత అవసరం. మృతుని దేహం నుండి గ్రహించి మరొకరికి అమర్చదలచిన కణజాలం విషయంలో శస్త్రవైద్యులకు ఎదురైన చిక్కు సరిగా ఇటువంటిదే.

మన హృదయంలో రక్తం వెనుకకు మరలకుండా కాపాడే కవాటాలు నాలుగు ఉన్నవి. వాటి రెక్కలు మిక్కిలి పలుచనివి. దినానికి ఇంచుమించు లక్షసార్లు తెరుచుకొని మూసుకొంటాయి. 1962వ సంవత్సరంలో లండనులో డోనాల్డ్ రాస్, న్యూజీలాండులోని ఆక్లండులో బ్రియాన్ బారట్ బాయిస్, ఒకరి యత్నంతో మరొకరికి సంబంధం లేకుండానే, కొద్ది వారాల వ్యవధిలో, మృతుల నుండి సేకరించిన బృహద్ధమనీ కవాటాలను రోగుల హృదయాలలో అమర్చారు. లోహంతో చేసిన కవాటం ధరించినవారు రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం మందు పుచ్చుకోవాలి. మానవ కవాటానికి ఆ నిర్బంధం లేదు.

కాని ఆ కవాటాలు ఎక్కడినుండి వచ్చేవి? మరణం సంభవించిన కొన్ని గంటల తరువాత, శవపరీక్ష జరిగే గదులనుండి. అక్కడ సూక్ష్మజీవుల స్పర్శ లేకుండా సేకరించడం దుర్ఘటం. కనుక తొలి సంవత్సరాలలో బీటా ప్రోపియోలాక్టోన్, ఎథిలీన్ ఆక్సైడ్ వంటి తీవ్రమైన రసాయనాలతో వాటిని శుద్ధిచేసేవారు. కొందరు కిరణ ప్రసారం కూడా చేశారు. సూక్ష్మజీవులు నశించినమాట నిజమే. వాటితోపాటు రెక్కల మృదుత్వమూ, సాగే గుణమూ కూడా నశించినవి. అమర్చిన కొన్ని ఏండ్లకే పలువురిలో ఆ రెక్కలు చిరిగిపోయినవి. పట్టుచీరను ఉబ్బకు పెట్టినట్లయినది.

1968 నుండి ఆక్లండులోని గ్రీన్ లేన్ ఆసుపత్రివారు ఆ రసాయనాలను విడిచిపెట్టి, కవాటాలను ఆంటీబయాటిక్ మందుల ద్రావణంలో నానవేసి, చల్లగా భద్రపరచే పద్ధతిని చేపట్టారు. ఆ కవాటాలు మునుపటివాటికంటె బాగుగా మన్నినవి. 1975లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేను నగరంలో మార్క్ ఓబ్రయన్ అతిశీతలంలో గడ్డకట్టించి నిలువచేసిన కవాటాలను వాడనారంభించినప్పుడు కూడా, ముందు ఈ మందుల స్నానం తప్పలేదు.

ఈ మందులలోని సౌలభ్యం ఏమి? పెనిసిలిన్ జాతి మందులు బాక్టీరియా తనచుట్టూ కట్టుకొనే గోడమీద దెబ్బతీస్తాయి. మానవ కణానికి అటువంటి గోడయే లేదు. దెబ్బ తగలడానికి చోటు లేదు. అయితే ఏ ఒక్క మందూ అన్నిరకాల బాక్టీరియాను చంపలేదు. అందుచేత రెండు మూడు మందులను కలిపి వాడతారు. బూజుజాతికి వేరొక మందు చేర్చేవారూ ఉన్నారు. ఇక ఉష్ణోగ్రత సంగతి. గోడ కట్టుకొంటూ పెరుగుతున్న బాక్టీరియా మీదనే పెనిసిలిన్ బాగుగా పనిచేస్తుంది. చలిలో బాక్టీరియా పెరుగుదల మందగిస్తుంది. నిద్రించే శత్రువుమీద ఈ బాణం సరిగా నాటదు. కనుక కొన్ని కణజాల నిధులు ఈ స్నానాన్ని శరీరపు వెచ్చదనంలో జరుపుతాయి. కొన్ని, కణజాలం చెడకుండడమే ముఖ్యమని, శీతలంలోనే జరుపుతాయి. ప్రపంచమంతటికీ ఒకే పద్ధతి ఇంకను ఏర్పడలేదు. ఏర్పడవలసినదని నా అభిప్రాయం.

ఈ మందులు చేయలేని పనులు కూడా ఉన్నవి. వైరసులను అవి తాకలేవు. అందుకే దాత రక్తాన్ని హెచ్.ఐ.వి., కామెర్ల వైరసులకు వేరుగా పరీక్షిస్తారు. కొన్ని బాక్టీరియా దట్టమైన పెంకులోనికి ముడుచుకొని బీజరూపం దాల్చుతాయి. ఆ బీజాలను కూడా ఇవి చంపలేవు. 2001 నవంబరులో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఇరువదిమూడేండ్ల యువకుడొకడు మోకాలికి శస్త్రచికిత్స చేయించుకొన్నాడు. దానంగా వచ్చిన ఎముక, మృదులాస్థి ముక్కను అమర్చారు. నాలుగు దినాలకు మరణించాడు. క్లాస్ట్రిడియం అనే బీజధారి బాక్టీరియా ఆ ముక్క వెంట వచ్చినదని విచారణలో తేలినది. దాత దేహం పందొమ్మిది గంటలపాటు శీతల గదికి చేరలేదట! మరణానంతరం ప్రేవులలోని బాక్టీరియా అక్కడే ఉండదు; రక్తనాళాల వెంట దేహమంతటా ప్రాకుతుంది. ఆ గంటలు గడచిన తరువాత ఎంత మందులో నానవేసి మాత్రం ఏమి ప్రయోజనం?

ఆ విచారణలో మరొక సంగతి బయటపడినది. కణజాలాన్ని మందులో ముంచిన తరువాతనే బాక్టీరియా పరీక్ష జరిపారు. మిగిలియున్న మందు పరీక్షలో కూడా బాక్టీరియాను అణచి ఉంచగలదు; ఉన్నది లేనట్లు కనబడుతుంది. కనుక మందులో ముంచకముందే ఒక నమూనాను పరీక్షించాలని, ప్రమాదకరమైన బాక్టీరియా కనబడితే ఆ కణజాలాన్నే త్యజించాలని అక్కడి నిపుణులు సూచించారు. నష్టమైనా సరే, ఇదే సరియైన మార్గం.

మన ప్రాంతంలో ఈ విషయం ఎక్కువగా తారసపడేది నేత్రదానం సందర్భంలో. కంటి నల్లగ్రుడ్డుమీది పారదర్శకమైన పొరను మాక్ కేరీ, కాఫ్‌మన్ అనే శాస్త్రజ్ఞులు 1974లో ప్రకటించిన ద్రావణంలో నాలుగు దినాలవరకు నిలువచేయవచ్చును. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థకు చెందిన నేత్రనిధి ఈ ద్రావణాన్ని స్వయంగా తయారుచేస్తున్నది. అందులో జెంటమైసిన్ అనే ఆంటీబయాటిక్ కలుపుతారు. చలిలో దాని బలమూ తక్కువే. కనుక ఇంటిలోని వారి పని ఆ సీసా రాకముందే మొదలవుతుంది. మరణించిన వెంటనే కనురెప్పలు మూసి, వాటిపై తడి దూదిని ఉంచి, ఫాను ఆపివేసి, తలక్రింద దిండు పెట్టి, నేత్రనిధికి కబురు చేయాలి. ఆరు గంటలలోగా వారు వచ్చి పని ముగించుకొని పోవాలి. ఏడ్చేవారిని ఓదార్చడానికి బంధువులు ఎందరో వస్తారు. ఆ ఫాను ఆపి, టెలిఫోను చేసే బాధ్యతను వారిలో ఒకరు తీసికొంటే చాలును.